ఏ వోర్మ్స్? ఒక జర్మన్ వలస కుటుంబం మూలాలు వెతికిన కేసు

ఈ కేసులో ఇంటిపేరు, అమెరికాలో వాళ్లు స్థిరపడిన ఊరు, ఎక్కి వచ్చిన ఓడ పేరు రాయడం లేదు. తేదీలను కూడా కాస్త జరిపాను. అయితే కేసంతా తేదీల మధ్య తేడాల మీదే నడిచింది కాబట్టి ఆ తేడాలు మాత్రం అసలువే. ఇంటిపేరు ‘హ’ అక్షరంతో మొదలవుతుందని గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

నేపథ్యం

నేను అమెరికా మిడ్‌వెస్ట్‌లో ఉంటూ కుటుంబ చరిత్రలు వెతికే పని చేస్తాను. ఈ కేసు ఒక గుంటూరు అమ్మాయి ద్వారా వచ్చింది. వాళ్లది నాలుగైదు తరాల లూథరన్ కుటుంబం. గుంటూరులో ఆ మిషన్ 1842లో మొదలైంది కాబట్టి చర్చి రిజిస్టర్లంటే ఏమిటో ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు. భర్తది డకోటా వైపు రైతు కుటుంబం, వాళ్లూ లూథరన్లే. పాపకు స్కూల్లో వంశవృక్షం గీసుకు రమ్మన్నారట. తల్లి వైపు తాతలు, ముత్తాతలు ఒక్క ఫోన్ కాల్‌తో వచ్చేశారు. తండ్రి వైపు సంగతి అడిగితే అత్తగారు ఒక లావుపాటి ఫైలు ఇచ్చారు.

“మా అత్తయ్యగారికి ఆ ఫైలంటే ప్రాణమండీ. కానీ చదువుతుంటే ఎక్కడో తేడా కొడుతోంది. మీరొక్కసారి చూస్తారా?” అని అడిగింది.

పదేళ్ల క్రితం డబ్బిచ్చి చేయించిన పరిశోధన అది. అత్తగారి ముత్తాత జర్మనీలో రైన్ నది ఒడ్డునున్న వోర్మ్స్ నగరంలో పుట్టాడని చెప్పి, అక్కడి నుంచి 1640ల దాకా చెట్టు గీశారు. లూథరన్ శాఖకు మూలపురుషుడైన మార్టిన్ లూథర్ 1521లో చక్రవర్తి ఎదుట నిలబడి తన రాతలను వెనక్కి తీసుకోనన్న ఊరు అదే. లూథరన్ కుటుంబానికి ఇంతకన్నా ఏం కావాలి? అందరూ కలిసి వెళ్లి, అక్కడి లూథర్ స్మారకం ముందు ఫొటో దిగి వచ్చారు. హాల్లో అదే ఫొటో వేలాడుతోంది.

సమస్య

ఫైలంతా ఒక్క సమాధి రాయి మీద నిలబడి ఉంది. దాని మీద జర్మన్‌లో పేరు గెయోర్గ్ అనీ, 1859 మార్చి 14న వోర్మ్స్‌లో పుట్టాడనీ ఉంది. 1931 నాటి మరణ ధ్రువపత్రంలో పుట్టిన దేశం జర్మనీ అని ఉంది. తల్లి పుట్టింటి పేరు దగ్గర ‘తెలియదు’ అని రాశారు. వివరాలు చెప్పింది కొడుకు.

ఇవి రెండూ కలుస్తున్నాయి. కలవనిది సెన్సస్. 1900, 1910, 1920 మూడు సెన్సస్‌లలోనూ ఆయన పుట్టింది రష్యా అని ఉంది. పాత పరిశోధకుడు దాన్ని ‘గుమాస్తా పొరపాటు’ అని ఒక్క వాక్యంతో దాటేశాడు. ముగ్గురు వేర్వేరు గుమాస్తాలు పదేళ్ల ఎడంతో ఒకే పొరపాటు చేస్తారా? ఆ అమ్మాయికి తేడా కొట్టింది ఇక్కడే.

ఈ చరిత్ర తెలియని వాళ్ల కోసం కొంచెం చెప్పాలి. 1763లో రష్యా రాణి కేథరిన్ విదేశీయులను పిలిచి వోల్గా తీరాన భూములిచ్చింది. సొంత మతం పాటించుకోవచ్చు, ముప్పై ఏళ్లు పన్ను లేదు, సైన్యంలో చేరనక్కర లేదు అని మాటిచ్చింది. 1804లో అలెగ్జాండర్ చక్రవర్తి అదే పద్ధతిలో నల్లసముద్రం ఉత్తర తీరానికి పిలిచాడు, కాకపోతే ఈసారి చేతిలో కాస్త ఆస్తి, వ్యవసాయం తెలిసినవాళ్లే రావాలన్నాడు. వచ్చినవాళ్లు కొత్త ఊళ్లకు చాలా వరకు పాత దేశపు పేర్లే పెట్టారు. ఒడెస్సా దగ్గర బెరెజాన్ అనే ప్రాంతంలో 1809, 1810లలో వెలిసిన ఊళ్ల పేర్లు చూడండి: స్పేయర్, లాండావ్, కార్ల్స్‌రూహె, రాస్టాట్, మ్యూనిక్, రోర్‌బాఖ్, వోర్మ్స్.

అవును, వోర్మ్స్. కొత్తపల్లి అంటే ఏ కొత్తపల్లి అని మనం అడగమూ? ఇక్కడ ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

ముందు కూల్చడం

అనుమానం వచ్చింది కదా అని వెంటనే ఒడెస్సా వైపు పరుగెత్తలేదు. పాత చెట్టు తప్పని తేలకుండా కొత్తది మొదలుపెడితే రెండు కథలూ పక్కపక్కనే బతుకుతాయి, కుటుంబం తనకు నచ్చినదాన్ని పట్టుకుంటుంది. అందుకని పాత పరిశోధకుడు జర్మనీ వోర్మ్స్ జనన రిజిస్టర్లో చూసి మన మనిషే అనుకున్న, 1859లో పుట్టిన గెయోర్గ్ ఏమయ్యాడో ముందు చూడాలనుకున్నాను. పాత పరిశోధకుడు జనన రిజిస్టర్ దగ్గరే ఆగిపోయాడు. జర్మనీలో జనన రిజిస్టర్లు 110 ఏళ్లకు, పెళ్లివి 80 ఏళ్లకు, మరణాలవి 30 ఏళ్లకు అందరికీ అందుబాటులోకి వస్తాయి. కాబట్టి మరణాల రిజిస్టర్ తెరవడానికి ఏ అడ్డూ లేదు.

ఆ పిల్లవాడు నాలుగో ఏట, 1863లో చనిపోయాడు. అదే నగరం, అదే తల్లిదండ్రులు.

ఈ మాట అత్తగారికి చెప్పడం నా వృత్తిలో కష్టమైన ఫోన్ కాల్స్‌లో ఒకటి. చాలాసేపు మాట్లాడలేదావిడ. తర్వాత “అయితే ఆ ఫొటో తీసేయాలా?” అన్నారు. ఏం చెప్పాలో నాకు తోచలేదు.

అమెరికా కాగితాలు

తెలిసిన చోటి నుంచి తెలియని చోటికి వెళ్లాలి. కాబట్టి మొదట ఈయన అమెరికా రికార్డులన్నీ తెప్పించాను. కుటుంబం చేరిన తొలి చర్చి పుస్తకం అగ్నిప్రమాదంలో పోయింది. పౌరసత్వం కాగితంలో ‘రష్యా చక్రవర్తి పట్ల విధేయత వదులుకుంటున్నాను’ అని ఉంది. 1906కు ముందు ఫారాలు ఇంతే, ఊరు రాయరు. అయినా ఆయన ఎవరి ప్రజ అన్నది తేలింది. హాంబర్గ్ ఓడరేవు జాబితాల్లో ఆఖరుగా ఉన్న ఊరి పేరు రాస్తారు. అందులో దొరికితే పని అయిపోయేది, దొరకలేదు. బ్రెమెన్ నుంచి బయల్దేరి ఉంటారు. ఆ కాలపు బ్రెమెన్ జాబితాలు దాదాపు మిగల్లేదు. 1884లో అమెరికాలో దిగిన జాబితాలో ‘రష్యా’ తప్ప ఇంకేమీ లేదు.

ఇక్కడ కేసు ఆగిపోయింది. ఆయన్ని వదిలేసి ఆయన పక్కనున్నవాళ్లను పట్టుకుందామనుకున్నాను. సాగు చేసుకునేవాళ్లకు ప్రభుత్వ భూమి ఊరికే ఇచ్చే హోమ్‌స్టెడ్ చట్టం కింద 160 ఎకరాలు దక్కాలంటే ఐదేళ్లు ఆ నేల మీద ఉండి, సాక్షుల చేత చెప్పించాలి. ఆయన ఫైల్లో సాక్షుల పేర్లున్నాయి. వాళ్లలో ఇద్దరు అదే ఓడలో, జాబితాలో అదే పేజీలో ఉన్నారు. పల్లెటూరి మనిషి ఒంటరిగా ఖండం దాటడు, ఊరుఊరంతా కలిసి కదులుతుంది. మన దుబాయి వలసలోనూ ఇదే చూస్తాం. ఆ ఇద్దరిలో ఒకరి మరణవార్త, 1874లో డకోటాలోని యాంక్టన్‌లో మొదలైన జర్మన్ పత్రిక డకోటా ఫ్రైయె ప్రెస్సెలో దొరికింది. రష్యా నుంచి వచ్చిన జర్మన్లకు అది ఇంటి పత్రిక లాంటిది. ‘ఒడెస్సా దగ్గరి వోర్మ్స్‌లో పుట్టి’ అని అందులో స్పష్టంగా ఉంది.

పక్కింటి మనిషి ఊరు మన మనిషి ఊరు కావాలని లేదు. కానీ వెతకాల్సిన ఊరు ఏదో తెలిసింది.

ఇద్దరు గెయోర్గ్‌లు

రష్యాలోని లూథరన్ చర్చిలు తమ రిజిస్టర్ల నకళ్లు ఏటా పైకి పంపేవి. నల్లసముద్రం ఊళ్లకు సంబంధించి సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో 1833 నుంచి 1885 దాకా నకళ్లు మిగిలాయి. వాటికి వాలంటీర్లు ఇండెక్స్ తయారు చేశారు. అందులో 1859 వెతికితే గుండె ఝల్లుమంది. గెయోర్గ్, అదే ఇంటిపేరు, మార్చి 14. సమాధి రాయి మీద ఉన్న పేరే, ఉన్న తేదీయే.

ఇక్కడే పప్పులో కాలేశాను. రెండు నెలల పాటు ఆ పిల్లవాడి వంశమే వెతికాను, రిపోర్టు సగం రాశాను కూడా. అదే ఇండెక్స్‌లో పన్నెండు రోజుల ముందు, మార్చి 2న పుట్టిన యోహాన్ గెయోర్గ్ అనే ఇంకో పిల్లవాడు కనిపించాడు కానీ, పేరూ తేదీ రెండూ వేరు కదా అని వదిలేశాను.

రెండూ వేరు కావు. ఆ కాలంలో మగపిల్లల్లో చాలామందికి ముందు యోహాన్ తగిలిస్తారు, పిలిచేది రెండో పేరుతో. ఇక తేదీ: రష్యాలో 1918 దాకా పాత జూలియన్ క్యాలెండర్ నడిచింది. పంతొమ్మిదో శతాబ్దంలో అది మనం వాడే క్యాలెండర్ కన్నా 12 రోజులు వెనక. అక్కడి మార్చి 2 ఇక్కడి మార్చి 14. అచ్చంగా కలిసిన పిల్లవాడే తప్పు మనిషి కావచ్చు, కలవనివాడే సరైనవాడు కావచ్చు.

కావచ్చు అని ఎందుకంటున్నానంటే, అమెరికా వచ్చాక తేదీ మార్చుకున్నవాళ్లూ ఉన్నారు, పాత తేదీతోనే బతికినవాళ్లూ ఉన్నారు. ఈ లెక్క సందేహాన్ని లేపగలదు, తీర్చలేదు. ఇద్దరూ అన్నదమ్ముల పిల్లలు. తాత పేరు ఇద్దరు మనవలకూ పెట్టారు, మన ఇళ్లలో లాగే.

డీఎన్‌ఏ పరీక్ష చేయిద్దామని కుటుంబమే అడిగింది. చేయించాం. బెరెజాన్ మూలాలున్న చుట్టాలు కుప్పలుగా వచ్చారు గానీ ప్రశ్న అలాగే ఉండిపోయింది. చిన్న ఊరు, అదే మతం, అదే భాష. తరాలపాటు వాళ్లలో వాళ్లే పెళ్లిళ్లు. మేనరికాలు ఎక్కువగా ఉన్న కుటుంబాల్లో దూరపు చుట్టాలు కూడా దగ్గరివాళ్లలా కనిపిస్తారు. ఇద్దరు బాబాయి, పెదనాన్న పిల్లల్లో ఎవరి సంతానమో ఆ లెక్కతో విడదీయలేకపోయాం. ఆ ఖర్చు నేను ముందే వద్దనాల్సింది.

ముడి విప్పినవి రెండు. మొదటిది, ఆ మరో గెయోర్గ్ ఏమయ్యాడన్నది. మొదట్లో జర్మనీ వోర్మ్స్ పిల్లవాడి విషయంలో చేసిన పనే మళ్లీ చేశాను. 1944లో జర్మన్ సైన్యం వెనక్కి తగ్గుతూ ఈ ఊళ్ల జనాన్ని బళ్ల మీద పడమరకు తరలించింది. వాళ్లకు పౌరసత్వం ఇవ్వడానికి నాజీ ప్రభుత్వపు వలస కేంద్రం ఒక్కొక్కరి చేత తాతముత్తాతల వివరాలతో ఫారాలు నింపించింది. ఆ మైక్రోఫిల్ములు ఇప్పుడు అమెరికా నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. జాతి లెక్కలు తీసే ఆఫీసులో పుట్టిన కాగితాలవి. వాడిన ప్రతిసారీ మనసులో ఏదోలా ఉంటుంది, కానీ వాడకుండా ఈ పని సాగదు. అందులో 1897లో పుట్టిన ఒకతను తన తండ్రి గెయోర్గ్ 1859 మార్చి 14న పుట్టాడనీ, ఆ ఊళ్లోనే చనిపోయాడనీ చెప్పాడు. తల్లిదండ్రుల పేర్లు కూడా సరిపోయాయి. అంటే ఆ గెయోర్గ్ అమెరికాకు రానేలేదు.

రెండోది, ఇండెక్స్ వదిలి అసలు పేజీ చూడటం. ఇండెక్స్‌లో జ్ఞానతల్లిదండ్రుల పేర్లు, అంటే బాప్తిస్మం నాడు బిడ్డ తరఫున నిలబడేవాళ్ల పేర్లు ఉండవు. పాత జర్మన్ చేతిరాత చదవడం కష్టం, ‘ఎ’ అక్షరం ‘న’లా కనిపిస్తుంది. కానీ మార్చి 2న పుట్టిన పిల్లవాడి బాప్తిస్మం దగ్గర జ్ఞానతండ్రి పేరు తేటగా ఉంది. 1884 ఓడలో వచ్చి, తర్వాత హోమ్‌స్టెడ్ సాక్ష్యం చెప్పిన ఇద్దరిలో ఒకడతను. పిల్లవాణ్ణి బాప్తిస్మం నాడు ఎత్తుకున్న మనిషే ముప్పై ఏళ్ల తర్వాత డకోటాలో అతని పొలానికి సాక్షి. మార్చి 14 పిల్లవాడి జ్ఞానతల్లిదండ్రులు ఎవరూ రష్యా దాటలేదు.

ఇంకొకటి రుజువు కాదు గానీ నాకు ధైర్యమిచ్చింది. ఈ ఊళ్లలో పొలాన్ని ముక్కలు చేయకుండా చిన్నకొడుక్కి ఇచ్చే ఆచారం ఉండేది. తొలి కుటుంబాలకు 60 దెస్యాతినా, అంటే దాదాపు 160 ఎకరాలు దక్కాయి. మిగతా కొడుకులు వేరే ఊరు చూసుకోవాల్సిందే. అక్కడే ఉండిపోయిన గెయోర్గ్ ఆఖరివాడు, మన గెయోర్గ్ ఐదుగురిలో రెండోవాడు. 1871లో వలసదారుల ప్రత్యేక హక్కులు రద్దయ్యాయి, 1874లో సైన్యంలో చేరడం తప్పనిసరి అయింది. భూమి లేని పాతికేళ్ల కుర్రవాడు డకోటాలో అదే 160 ఎకరాలు ఊరికే ఇస్తున్నారంటే ఎందుకు ఆగుతాడు?

‘హ’ పోయి ‘గ’ వచ్చె

1858 జనాభా లెక్క రష్యన్‌లో ఉంది. మన ఇంటిపేరుతో వెతికితే ఎవరూ లేరు. రష్యన్‌లో ‘హ’ లేదు. విదేశీ పేర్లలో దాని బదులు ‘గ’ రాసేవాళ్లు. హాంబర్గ్ వాళ్లకు గాంబుర్గ్, హిట్లర్ గిట్లర్. ‘గ’ కింద వెతకగానే కుటుంబం మొత్తం వరసగా నిలబడింది: 56 ఏళ్ల తాత, కొడుకులు, కోడళ్లు. ఆ లెక్కలో మగవాళ్లకు 1850 నాటి వయసు కూడా పక్కనే రాస్తారు కాబట్టి రెండు వయసులూ సరిచూసుకోవచ్చు.

56 ఏళ్ల తాత 1816 లెక్కలో 14 ఏళ్ల పిల్లవాడై ఉండాలి. ‘హ’ కింద లేడు, ‘గ’ కిందా లేడు. సరే, 1817లో జర్మనీలోని వ్యూర్టెంబర్గ్ నుంచి వచ్చిన పెద్ద వలసలో వచ్చారేమో అని అటు వెళ్లి ఆరు వారాలు పోగొట్టుకున్నాను. చివరికి ఇండెక్స్ పక్కనపెట్టి, ఊరి జాబితా మొదటి ఇంటి నుంచి వరసగా చదివితే గంటన్నరలో దొరికాడు. వేరే ఇంటిపేరున్న మనిషి ఇంట్లో, ‘సవతి కొడుకు’ అని. తండ్రి చనిపోతే తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంది. ఇండెక్స్‌లో ఇంటి యజమానుల పేర్లే ఉన్నాయి మరి.

1816 జాబితా గొప్పతనం ఏమిటంటే, కుటుంబం ఏ ఊరి నుంచి వచ్చిందో చాలా చోట్ల రాసి ఉంటుంది. ఈ ఇంటికి జర్మనీలోని పలాటినేట్ ప్రాంతపు ఊరు ఒకటి రాశారు. దాన్ని పట్టుకుని వెళ్లిపోయేవాణ్ణే. కానీ అది సవతి తండ్రి ఊరు, పిల్లవాడిది కానక్కర లేదు. అదే జాబితాలో కొన్ని ఇళ్ల అవతల అదే ‘గ’ ఇంటిపేరుతో 22 ఏళ్ల యువకుడు ఉన్నాడు. అతని ఊరు ఆల్సేస్ ఉత్తరాన వైసెన్‌బర్గ్ దగ్గరి పల్లె.

ఆల్సేస్ రిజిస్టర్లు ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడవచ్చు. కాకపోతే ఇక్కడ మూడో క్యాలెండర్ ఎదురైంది. 1805 ఆఖరు దాకా ఫ్రాన్స్‌లో విప్లవ క్యాలెండర్ నడిచింది, ఆల్సేస్ ఫ్రాన్స్‌లోదే. ‘పదో సంవత్సరం, ప్రేరియల్ 18’ అంటే 1802 జూన్ 7. ప్రేరియల్ అంటే పచ్చిక నెల. మన ఋతువుల్లా ప్రకృతిని చూసి పెట్టిన పేర్లు. ఆ రోజు పుట్టిన పిల్లవాడు ఝాన్ జార్జ్, అంటే జర్మన్‌లో యోహాన్ గెయోర్గ్. ఫ్రెంచి గుమాస్తా ఇంటిపేరులో ‘హ’ రాయనే లేదు. అతని అన్న అదే తల్లిదండ్రులకు 1794లో పుట్టాడు. తల్లి పేరు, వయసు 1816 జాబితాలోని ఆమెతో సరిపోయాయి. 1808 ఫిబ్రవరిలో ఆఖరి బిడ్డ పుట్టాక ఈ కుటుంబంలో ఒక్క పెళ్లి గానీ మరణం గానీ ఆ పల్లెలో నమోదు కాలేదు.

అలా ‘జర్మన్’ కుటుంబం నెపోలియన్ ప్రజలుగా ఫ్రాన్స్ నుంచి బయల్దేరింది. ఇంకా వెనక్కి వెళితే 1698లో అక్కడే జరిగిన పెళ్లిలో వరుడు స్విట్జర్లాండ్‌లోని బెర్న్ ప్రాంతం వాడని పాస్టర్ రాశాడు. పదిహేడో శతాబ్దంలో జరిగిన ముప్పై ఏళ్ల యుద్ధంలో ఖాళీ అయిన ఆ ఊళ్లలో స్విస్ వాళ్లు చాలామందే వచ్చి చేరారు. రైన్ ఒడ్డు వోర్మ్స్‌తో ఏ తరంలోనూ సంబంధం కనిపించలేదు.

తర్వాత

ఈ కేసు తర్వాత నా పద్ధతిలో ఒకటి మారింది. రికార్డు అచ్చంగా సరిపోతే ఇప్పుడు నాకు టెన్షన్ మొదలవుతుంది. అదే పేరున్న రెండో మనిషి ఉన్నాడేమో, ఉంటే అతనేమయ్యాడో తేలేదాకా రిపోర్టు రాయను. జాబితా చిన్నదైతే ఇండెక్స్ జోలికే పోను, మొత్తం చదువుతాను. నేర్చుకోనిది ఒకటుంది: తప్పు చెట్టును ఎలా నరకాలి? పాతది ఇంటర్నెట్‌లో పదులకొద్దీ చోట్ల కాపీ అయి ఉంది. కనిపించిన ప్రతి ఒక్కరికీ మరణ రిజిస్టర్ కాపీతో సహా రాశాను. ఇద్దరు మార్చారు. ఒకాయన ‘మా కుటుంబానికి వోర్మ్సే ఇష్టం’ అని జవాబిచ్చాడు.

స్కూల్ ప్రాజెక్టు గడువు ఎప్పుడో దాటిపోయింది, పాప తండ్రి వైపు సగం ఖాళీగానే ఇచ్చింది. ఇప్పుడు పెద్ద చార్టు చేసి ఇచ్చాను. అత్తగారు ఫొటో తీయలేదు. పక్కన ఉక్రెయిన్ మ్యాప్ పెట్టించి, మికొలాయివ్ ప్రాంతంలో ఆ ఊరున్న చోట పిన్ను గుచ్చారు. యుద్ధం ఆగాక వెళ్తానంటున్నారు. ఆవిడ అడిగిన వాటిలో ఒక్కదానికే నా దగ్గర జవాబు లేదు: ఆల్సేస్ నుంచి భార్యాపిల్లలతో బయల్దేరిన ఆ తండ్రి ఎక్కడ పోయాడు? దారిలోనా, చేరాక తొలి ఏళ్ల జబ్బుల్లోనా? చార్టులో ఆయన గడిలో ‘మరణం: 1807 తర్వాత, 1816కు ముందు’ అని రాసి, ఊరి దగ్గర ఖాళీ వదిలాను.